యాంగ్యులర్ టెస్టింగ్, 4వ పాఠం: ఎన్‌జీఆన్‌ఇనిట్‌ని మీరు పిలవకండి

కిందటి పాఠంలోని టైమర్ కాంపొనెంట్‌నే తీసుకుందాం. ఎన్‌జీఆన్‌ఇనిట్‌లో (కాంపొనెంట్ మొదలయ్యేటప్పుడు యాంగ్యులరే ఒకసారి పిలిచే మెథడ్) సెట్‌ఇంటర్వెల్ మొదలై, సెకనుకోసారి ‘సెకన్లు’ అనే వేరియబుల్‌కి 1 కలుపుతుంది. కాంపొనెంట్ తొలగిపోయేటప్పుడు నడిచే ఎన్‌జీఆన్‌డెస్ట్రాయ్‌లో క్లియర్‌ఇంటర్వెల్ దాన్ని ఆపుతుంది. ఇంత చిన్న కోడ్‌కి టెస్టు రాయడంలోనే చాలామంది బోల్తా పడతారు.

టెస్టు కోసం కాంపొనెంట్‌ని తయారుచేయడానికి టెస్ట్‌బెడ్.క్రియేట్‌కాంపొనెంట్ అన్నప్పుడు కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది గానీ ఎన్‌జీఆన్‌ఇనిట్ నడవదు. అది తిరిగిచ్చే ఫిక్స్‌చర్ మీద, మార్పులు చూసుకోమని చెప్పే డిటెక్ట్‌ఛేంజెస్‌ని మొదటిసారి పిలిచినప్పుడు నడుస్తుంది. ఆ తర్వాత పదిసార్లు పిలిచినా మళ్లీ నడవదు. ఇది తెలియక కొందరు ఎన్‌జీఆన్‌ఇనిట్‌ని తామే పిలిచి, ఆ కింద లైన్లో డిటెక్ట్‌ఛేంజెస్ కూడా రాస్తారు. ఇప్పుడు ఇంటర్వెల్స్ రెండు. టిక్(3000)తో టెస్టులోని నకిలీ గడియారాన్ని 3 సెకన్లు ముందుకు జరిపాక 3 ఉండాల్సిన చోట 6 కనిపిస్తుంది. పైగా మొదటి ఇంటర్వెల్ ఐడీ ఉన్న వేరియబుల్‌లోకే రెండోదాని ఐడీ వచ్చి కూర్చుంటుంది కాబట్టి, డెస్ట్రాయ్ చేసినా మొదటిది ఆగదు. తప్పు టెస్టుది, అనుమానమేమో కాంపొనెంట్ మీదికి పోతుంది.

టెస్టు ఫంక్షన్‌ని ఫేక్‌ఎసింక్‌లో పెట్టండి; ఆ నకిలీ గడియారాన్ని ఇచ్చేది అదే. దాని లోపలే డిటెక్ట్‌ఛేంజెస్, టిక్(2000), సెకన్లు 2 ఉందని ఎక్స్‌పెక్ట్. తర్వాత ఫిక్స్‌చర్.డెస్ట్రాయ్, టిక్(5000), ఇప్పుడూ 2 అనే ఎక్స్‌పెక్ట్. క్లియర్‌ఇంటర్వెల్ లైన్‌ని కామెంట్ చేసి ఒకసారి నడిపి చూడండి: 7 వచ్చి టెస్టు ఫెయిలవ్వాలి. (ఎసింక్ పనుల్ని గమనించే లైబ్రరీ అయిన జోన్.జేఎస్ లేని ప్రాజెక్టులో ఫేక్‌ఎసింక్ పనిచేయదు. అక్కడ టెస్టులు జాస్మిన్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంటే జాస్మిన్ క్లాక్ వాడుకోవచ్చు.)

‘లోపలే’ అని నొక్కి చెప్పడానికి కారణముంది. యాంగ్యులర్ సీఎల్‌ఐ (కమాండ్ లైన్ సాధనం) తయారుచేసిన స్పెక్ ఫైల్లో, అంటే టెస్టుల ఫైల్లో, చాలా వెర్షన్లలో, డిటెక్ట్‌ఛేంజెస్ ప్రతి టెస్టుకీ ముందు నడిచే బిఫోర్‌ఈచ్‌లో ఉంటుంది. అక్కడ మొదలైన ఇంటర్వెల్ అసలు గడియారం మీద నడుస్తుంది. టిక్ దాన్ని కదపలేదు, సెకన్లు 0 దగ్గరే ఉండిపోతుంది. ఆ లైన్‌ని అక్కడినుంచి తీసేయండి. పీరియాడిక్ టైమర్ ఇంకా క్యూలో ఉందని ఎర్రర్ వస్తే డిస్కార్డ్‌పీరియాడిక్‌టాస్క్స్‌తో దాని నోరు నొక్కకండి. ఆగని టైమర్‌ని అది పట్టిస్తోంది.

ఇక ఎన్‌జీఆన్‌ఛేంజెస్, అంటే కాంపొనెంట్ ఇన్‌పుట్ మారినప్పుడు నడిచే మెథడ్. మన టైమర్‌కి ‘పరిమితి’ అనే ఇన్‌పుట్ ఉందనుకోండి. టెస్టులో కాంపొనెంట్.పరిమితి = 10 అని రాస్తే విలువ మారుతుంది, మెథడ్ మాత్రం నడవదు. అది బైండింగ్ ద్వారా వచ్చిన మార్పునే చూస్తుంది. 14.1 వెర్షన్ నుంచి ఫిక్స్‌చర్.కాంపొనెంట్‌రెఫ్.సెట్‌ఇన్‌పుట్ ఉంది; దాంతో విలువ ఇచ్చి డిటెక్ట్‌ఛేంజెస్ పిలవండి.

అభ్యాసం: పరిమితి మారినప్పుడు సెకన్లు 0కి రావాలి. టెస్టు ముందు రాసి, తర్వాత కోడ్ రాయండి. మొదటిసారి ఎన్‌జీఆన్‌ఛేంజెస్, ఎన్‌జీఆన్‌ఇనిట్ కంటే ముందే నడుస్తుంది. ఇంటర్వెల్ అప్పటికి ఇంకా పుట్టి ఉండదు.