పాత పోలో జీటీయా, కొత్తదా?

సెకండ్ హ్యాండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వెతికేవారు ముందు తయారీ సంవత్సరం చూడండి. 2013లో వచ్చినదానికి 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). 2020 నుంచి వచ్చినదానికి 1.0 లీటరు, మూడు సిలిండర్లు, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ద్రవంతో శక్తిని అందించే ఆటోమేటిక్). టార్క్ (ఇంజన్ తిప్పే బలం) రెండింటికీ 175 న్యూటన్ మీటర్లే. ఇంజన్ నునుపులో పాతదే మేలు, ఒప్పుకోవాలి. కానీ దాని డ్రై క్లచ్‌కు (నూనెలో మునగని క్లచ్) ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ గిట్టదు. అందుకే ఖాళీ రోడ్డు మీద నడిపి మురిసిపోకండి. అరగంట రద్దీలో తిప్పాక బ్రేకు మెల్లగా వదిలి చూడండి. బండి వణుకుతూ కదిలితే బేరం ఆపేయండి, క్లచ్ ఖర్చు చిన్నది కాదు. రోజూ నగరంలోనే తిరిగేవారైతే నా ఓటు 2020 తర్వాతిదానికే. గేర్లు చేత్తో మార్చే సరదా ఉంటే అదే 1.0 లీటరు ఇంజన్‌తో పోలో హైలైన్ ప్లస్ మాన్యువల్ కూడా వచ్చింది.