ఎక్సెల్ షీటు తెరిచే ముందు: థీసిస్ లెక్కలకు కొన్ని జాగ్రత్తలు

థీసిస్ గడువు దగ్గరపడిందంటే ఫోన్లు మొదలవుతాయి. శ్రీకాకుళం నుంచి ఒకరు, నెల్లిమర్ల నుంచి ఒకరు. అడిగేది మాత్రం ఒకటే: "సార్, ఏ టెస్టు పెడితే సిగ్నిఫికెంట్ వస్తాదండీ?"

సిగ్నిఫికెంట్ అంటే వచ్చిన తేడా ఊరికే యాదృచ్ఛికంగా పడిందనుకోవడం కష్టమని, దాన్ని చూసే గణాంక పరీక్షే టెస్టు. కానీ టెస్టును అలా ఎంచుకోరు. మీరు ఏం తెలుసుకోవాలనుకున్నారు, డేటా ఎలా సేకరించారు అన్న రెండు విషయాలూ కలిసి అది ఏ టెస్టో ముందే తేల్చేసి ఉంటాయి. ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుడి దగ్గరికి వెళ్తే అతను పోస్టుమార్టం మాత్రమే చేయగలడని 1938లోనే గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ కలకత్తాలో చెప్పాడు. అందుకే డేటా చేతికి రాకముందే ఒక తెల్లకాగితం మీద రాసిపెట్టుకోండి: ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం, ఏం కొలుస్తున్నాం, ఏ టెస్టు వాడతాం. తేదీ వేసి గైడుకి చూపించండి. రేపు వైవాలో "ఇదే టెస్టు ఎందుకు?" అని అడిగితే ఆ కాగితమే మీకు దన్ను.

షీటులో కనిపించే అంకెలన్నీ నిజంగా అంకెలు కావు. కవిటి 1, సోంపేట 2, కంచిలి 3 అని మండలాలకు కోడ్ ఇస్తాం. సాఫ్ట్‌వేర్‌కి అవి మండలాలని తెలీదు కాబట్టి సగటు మండలం 1.8 అని చెబుతుంది. ఇంత పొరపాటు ఎవరు చేస్తారంటారా? టేబుల్ నిండా అంకెలుంటే పట్టించుకోకుండా అచ్చయిపోతుంది. పలాస జీడిపప్పు గ్రేడులైతే ఇంకాస్త తికమక. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అన్నవి పౌనుకి సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే అంకెలు. అంకె పెరిగితే పప్పు చిన్నది, ధర తక్కువ. ధరకీ గ్రేడుకీ సంబంధం చూసేవాళ్లు ఈ తిరకాసు తెలియకపోతే ఫలితాన్ని తలకిందులుగా చదువుతారు. వయసు తెలియని ఖాళీల్లో 99, 999 నింపి మర్చిపోయినా ఇంతే: ఊళ్లో వందేళ్లకు చేరువైనవాళ్లు గుంపులుగా కనిపిస్తారు.

మన శ్రీకాకుళం జిల్లాలో ఎక్కువమంది తీసుకునే అంశం ఉద్దానం కిడ్నీ జబ్బు. దానికి కొలిచేది సీరం క్రియాటినిన్, అంటే కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం. అసలు చిక్కంతా ఇక్కడే. ఒక వీధిలో ఏడుగురి విలువలు ఇలా వచ్చాయనుకుందాం: 0.8, 0.9, 0.9, 1.0, 1.1, 1.3, 8.0. సగటు 2.0. ఆ ఏడుగురిలో 2.0 దరిదాపుల్లో ఒక్కరూ లేరు. మీడియన్, అంటే వరసలో పేరిస్తే నడిమిన పడే విలువ, 1.0; అది వీధి పరిస్థితికి దగ్గరగా ఉంది. ఇక స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 2.65. దాన్ని "2.0 ± 2.65" అని టేబుల్‌లో రాసేస్తారు. రెండులోంచి రెండున్నర పైచిలుకు తీసేస్తే క్రియాటినిన్ సున్నా కిందికి పోవాలి, అది ఏ మనిషికీ ఉండదు. సున్నా కంటే తగ్గడానికి వీల్లేని కొలతలో డీవియేషన్ సగటును దాటిందంటే డేటా ఒక పక్కకి లాగేసిందని అర్థం. అప్పుడు మీడియన్, క్వార్టైల్స్ (డేటాని నాలుగు సమభాగాలు చేసే విలువలు) రాయండి. రెండు గుంపుల్ని పోల్చాలంటే విలువల వరస క్రమాన్ని పోల్చే మాన్-విట్నీ టెస్టు, లేదా విలువలకి లాగ్ (లాగరిథమ్) తీసుకుని సగటుల్ని పోల్చే టి టెస్టు.

ఆ 8.0ని ఏం చేయాలి? ముందు ల్యాబ్ స్లిప్పు తీసి చూడండి, 0.8కి చుక్క జరిగి 8.0 అయిందేమో. స్లిప్పులో కూడా 8.0యే ఉంటే ఆ వరస ముట్టుకోవద్దు. అవుట్‌లయర్ (మిగతావాటికి చాలా దూరంగా పడ్డ విలువ) అని పేరుపెట్టి కొట్టేసేవాళ్లున్నారు. కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేస్తూ జబ్బున్న మనిషినే తీసేస్తే ఇక మిగిలేదేంటి? అలాగని మీడియనే ఎప్పుడూ గొప్పదని కాదు. మండలానికి డయాలసిస్ ఖర్చు ఎంతవుతుందో చెప్పాలంటే సగటే కావాలి. సగటును మనుషుల సంఖ్యతో గుణిస్తే మొత్తం ఖర్చు వస్తుంది, మీడియన్‌తో రాదు.

డేటా నార్మల్‌గా, అంటే సగటుకి రెండు పక్కలా గంట ఆకారంలో ఉందా అని చూసే షాపిరో-విల్క్ టెస్టు పెట్టి "నార్మల్ వచ్చింది" అని ధీమాగా ఉండకండి. పదిమంది ఉంటే అది వంకరను పట్టుకోలేదు, రెండు వేలమంది ఉంటే లెక్కలోకి రాని వంకరకీ గోల చేస్తుంది. హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎంతమందికి ఉన్నాయో చూపే కడ్డీల బొమ్మ) గీసి కళ్లతో చూడండి.

శుద్ధి చేసిన నీళ్లు తాగకముందు, ఆరు నెలలు తాగాక, అవే మనుషుల్ని రెండుసార్లు కొలిచారా? అయితే అవి రెండు గుంపులు కావు, జతలు. ఒకే మనిషి రెండు కొలతల తేడాని చూసే పెయిర్డ్ టి టెస్టు గానీ విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్ గానీ పెట్టాలి. నార్మల్‌గా ఉందా అని చూడాల్సింది కూడా తేడాలనే, విడివిడి విలువల్ని కాదు. అవును-కాదు జవాబులైతే మెక్‌నెమార్.

దాదాపు అందరూ వదిలేసే జాగ్రత్త ఒకటుంది. ఆరు ఊళ్లు, ఊరికి 50 మంది, మొత్తం 300 అని రాస్తారు. ఒకే ఊరివాళ్లు తాగేది ఒకే బోరు నీళ్లు, చేసేది ఇంచుమించు ఒకే పని. వాళ్లలో పోలిక (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ ఒకటే) 0.02 అంత చిన్నదే అయినా లెక్క ఇలా తిరుగుతుంది: 1 + 49 × 0.02 = 1.98 (49 అంటే ఊరికి 50లో ఒకటి తక్కువ). 300ని దాంతో భాగిస్తే, మీ 300 మంది నిజానికి సుమారు 150 మంది చెప్పగలిగినంతే చెబుతారు. సాదా టి టెస్టుకి ఇది తెలీదు. ఊరిని లెక్కలోకి తీసుకునే పద్ధతి కావాలి. ఆరు ఊళ్లకి అదీ బలహీనమే కాబట్టి, ఊరికి మనుషుల్ని తగ్గించి ఊళ్లు పెంచండి. ఇది సర్వేకి బయల్దేరే ముందే చేసుకోవాలి.

మనుషుల లెక్కింపు టేబుళ్లకి పెట్టే కై స్క్వేర్ టెస్టులో ఐదుకి తక్కువ ఉండకూడదన్నది గడిలో కనిపించే సంఖ్య గురించి కాదు, సంబంధమేమీ లేకపోతే అక్కడ రావాల్సిన సంఖ్య గురించి. మొత్తం 40 మందిలో అడ్డువరస మొత్తం 10, నిలువువరస మొత్తం 12 ఉంటే ఆ గడిలో రావాల్సింది 10 × 12 ÷ 40, అంటే 3. అక్కడ ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టు వాడండి.

కొత్త బీపీ మెషీను పాతదానితో సరిపోతోందా అని చూడ్డానికి కోరిలేషన్ (రెండు కొలతలు కలిసి పెరిగి తగ్గుతాయా అని చెప్పే అంకె) పనికిరాదు. ప్రతిసారీ 20 ఎక్కువ చూపించే మెషీనుకీ కోరిలేషన్ 1 వస్తుంది. బ్లాండ్-ఆల్ట్‌మన్ ప్లాటు గీయండి, అంటే రెండు మెషీన్ల తేడాని వాటి సగటుకి ఎదురుగా పెట్టే బొమ్మ.

ఇక టెస్టు మీద టెస్టు పెడుతూ పోవడం. ఏ సంబంధమూ లేని డేటా మీద ఒకదానితో ఒకటి ముడిపడని 20 టెస్టులు పెడితే, కనీసం ఒక్కదాని పి వాల్యూ అయినా (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కిందకి పడే అవకాశం 64 శాతం. దొరికిన ఆ ఒక్కదాన్నే థీసిస్‌లో రాసి మిగతా పందొమ్మిదీ దాచకండి. అన్నీ పెట్టామని రాయండి, బాన్‌ఫెరోని సవరణ చేయండి, అంటే 0.05ని టెస్టుల సంఖ్యతో భాగించి ఆ హద్దు వాడండి. పి వాల్యూ పక్కన తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఉండగల హద్దులు) ఎంతో కూడా ఇవ్వండి. లెక్కలు మొదలుపెట్టే రోజున అసలు షీటుకి కాపీ తీసి, ఆ కాపీ మీదే పనిచేయండి. అసలుదాన్ని గైడుకి మెయిల్ చేసేస్తే దాన్ని ఎవరూ దిద్దలేదన్న సాక్ష్యం కూడా ఉంటుంది.