ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌కు సిద్ధమయ్యే పద్ధతి

విదేశీ విద్యకు వెళ్లేవారి ఇంగ్లిష్ సామర్థ్యాన్ని పరీక్షించే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో చదివి జవాబులు రాసే భాగమైన రీడింగ్‌లో 3 వ్యాసాలు, 40 ప్రశ్నలు ఉంటాయి; వ్యవధి 60 నిమిషాలు. చదవవలసిన పాఠం మొత్తం 2,150 నుంచి 2,750 పదాల దాకా ఉంటుంది కాబట్టి, ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివేవారికి సమయం చాలదు. ఇంగ్లిష్ దినపత్రికల్లో వచ్చే విజ్ఞానశాస్త్ర, పర్యావరణ వ్యాసాలను రోజుకొకటి తీసుకుని, తెలియని పదం దగ్గర ఆగకుండా, ఒక్కో పేరా దేని గురించో రెండు మూడు మాటల్లో పక్కన రాసుకుంటూ చదవడం సాధనలో మొదటి మెట్టు. పొడవైన వాక్యం ఎదురైతే ముందుగా కర్తను, దానికి చెందిన ప్రధాన క్రియను పట్టుకుని, 'విచ్', 'హూ' వంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యాలను ఆ తర్వాత కలుపుకోవాలి.

చదవడం బాగా వచ్చినవారు కూడా ఎక్కువగా తడబడేది 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్' ప్రశ్నల దగ్గర; అంటే ఇచ్చిన వాక్యం వ్యాసంతో సరిపోతుందా, దానికి విరుద్ధమా, లేక ఆ విషయం వ్యాసంలో లేనే లేదా అని తేల్చే ప్రశ్నలు. ఒక లోయలోని రైతుల్లో ఎక్కువమంది 1960 తర్వాత బావి నీటికి మారారని, కొందరు మాత్రం చెరువు నీటినే వాడుతూ వచ్చారని వ్యాసంలో ఉందనుకుందాం. 'రైతులందరూ బావులకు మారారు' అని ప్రశ్నలో ఉంటే అది వ్యాసానికి విరుద్ధం, కనుక 'ఫాల్స్'. 'వర్షాలు తగ్గడం వల్ల మారారు' అని ఉంటే, ఆ కారణం సహజంగానే తోచినా, వ్యాసంలో దాని ప్రస్తావన లేదు కనుక 'నాట్ గివెన్'. మనకు తెలిసిన విషయాన్ని ఇక్కడ పూర్తిగా పక్కన పెట్టాలి. సాధన చేసేటప్పుడు 'ట్రూ' లేదా 'ఫాల్స్' అని రాసిన ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యం కింద గీత గీయండి. గీయడానికి వాక్యం దొరకకపోతే ఆ జవాబును మళ్లీ పరిశీలించండి. ఈ ప్రశ్నలు వ్యాసంలోని క్రమంలోనే వస్తాయి కనుక వెతకవలసిన చోటు అంతకంతకూ తగ్గుతూ వస్తుంది.

ప్రశ్నలో ఉన్న పదమే వ్యాసంలో కనిపించడం అరుదు. అందుచేత విడి పదాల జాబితాలు బట్టీ పట్టడం కంటే, ప్రశ్నలోని మాటనూ దానికి సాటిగా వ్యాసంలో వాడిన మాటనూ జంటగా నోటుపుస్తకంలో రాసుకోవడం ఎంతో మేలని నా అభిప్రాయం. పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్నల్లో కూడా, ఒకే మాట రెండు చోట్లా కనిపించిందని తొందరపడకుండా పేరా మొత్తం సారాన్ని చూడాలి. ఖాళీలు పూరించేటప్పుడు రెండు పదాలకు మించవద్దని సూచన ఉంటే మూడో పదం రాసిన జవాబుకు మార్కు రాదు. స్పెల్లింగ్ తప్పినా అంతే.

వ్యాసాలు క్రమంగా కఠినమవుతాయి కాబట్టి మొదటిదానికి 15, రెండోదానికి 20, మూడోదానికి 25 నిమిషాలు కేటాయించుకోవడం మంచిది. కాగితంపై రాసే పరీక్షలో రీడింగ్ జవాబులను ఎక్కించడానికి అదనపు సమయం ఇవ్వరు కనుక, ఇంట్లో కూడా జవాబులను నేరుగా జవాబు పత్రంలోనే రాయండి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దు.