రాట్‌వీలర్‌కి లాగకుండా నడవడం నేర్పడం ఎలా?

రెండు నెలల రాట్‌వీలర్ పిల్ల పరుగెత్తుకొచ్చి మీద కాళ్లేస్తే ముద్దొస్తుంది. రెండేళ్లకు ఆ పిల్లే 50 కిలోల మగకుక్క అవుతుంది. అప్పుడు నాయనమ్మ మీద అలాగే కాళ్లేస్తే తుంటి ఎముక విరగొచ్చు. పెద్దయ్యాక ఏది చేయకూడదో, అది మొదటిరోజు నుంచే చేయనివ్వకండి.

ఇది జర్మనీలోని రాట్‌వైల్ ఊరి కసాయివాళ్లు మందలు తోలడానికి, మాంసం బళ్లు లాగడానికి పెంచుకున్న జాతి. బలంతో దాన్ని ఆపాలని చూస్తే ఓడిపోయేది మనమే. మన పక్కన నడిస్తేనే తనకు లాభమని దానికి అర్థమవ్వాలి.

‘ఎవరు పెద్దో చూపించు, వెల్లకిలా పడేసి నొక్కిపట్టు’ అని చెప్పే ట్రైనర్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి వినకండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు పరిశోధకుడు జూలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని రాసిన దాని నుంచి కుక్కలకూ పాకిన ఆలోచన అది. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో స్పష్టంగా రాశారు. నొక్కిపట్టిన కుక్క భయం నేర్చుకుంటుంది. భయపడ్డ కుక్కే కరుస్తుంది.

1. ముందు సామాను

ఛాతీ ముందు రింగు ఉండే హార్నెస్ (ఛాతీకి, భుజాలకు తొడిగే పట్టీ), 6 అడుగుల గట్టి తాడు చాలు. లాగినప్పుడు ఆ రింగు కుక్కని మనవైపు తిప్పుతుంది. మెడ బిగించే గొలుసు, ముళ్ల బెల్టు వద్దు. తాడు మణికట్టుకి చుట్టుకోవద్దు. మా కుక్క పిల్లి వెంట ఉరికిన రోజున నేను అలాగే చుట్టుకుని ఉన్నాను. మణికట్టు బెణికి, నెల రోజులు ఆ చేత్తో బిందె ఎత్తలేకపోయాను.

2. ఇంట్లో మొదలుపెట్టండి

ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ని శనగగింజంత ముక్కలు చేసుకోండి. ఉల్లిపాయ తగలకూడదు, అది కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. హాల్లోనో డాబా మీదో రెండడుగులు వేయండి. కుక్క మీ ఎడమ మోకాలి పక్కన ఉంటే అక్కడే, ఆ క్షణమే ముక్క పెట్టండి. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు ‘కూర్చో’ అని, ఇంకొకరు ‘సిట్’ అని అంటే పాపం దానికేం తెలుస్తుంది?

3. వీధిలోకి

తాడు బిగుసుకున్న మరుక్షణం ఆగిపోండి. వెనక్కి గుంజొద్దు, అరవొద్దు. అది వెనక్కి చూసి తాడు వదులైతేనే మళ్లీ కదలండి. మొదటి వారం 20 నిమిషాల్లో నాలుగిళ్లు కూడా దాటరు. అయినా ఓపిక పట్టండి. లాగి ఒక్కసారి కరెంటు స్తంభం వాసన చూడగలిగిందంటే లాగుడు పనిచేస్తుందని నేర్చుకుంటుంది. నాన్న ఆగి, అన్నయ్య ఆగకపోతే అన్నయ్యే గురువు.

4. వీధికుక్కలు ఎదురైతే

మన వీధుల్లో అసలు పరీక్ష ఇదే. ప్రతి సందుకీ ఓ గుంపు ఉంటుంది, దాని సరిహద్దు దానికి ఉంటుంది. అవి కనబడినా మీ కుక్క ముక్క తినగలిగేంత దూరంలో నిలబడండి. వాటిని చూసిన ప్రతిసారీ ఒక ముక్క. తినడం మానేసి, ఒళ్లు బిగించి, చూపు నిలిపిందంటే దగ్గరికెళ్లిపోయారని అర్థం. వెంటనే పక్కకు తిరిగి నడవండి. వారాల మీద ఆ దూరం కొద్దికొద్దిగా తగ్గించండి. గుర్రుమందని కొట్టకండి. అది హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

గేటు దగ్గర, లిఫ్టు దగ్గర, చుట్టాలొచ్చినప్పుడు కూర్చుంటేనే తలుపు తెరుచుకోవాలి.

5. ఎండ, తిండి, కీళ్లు

నల్లటి ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కకముందే నడక ముగించండి. మీ చేతి వెనుక వైపును రోడ్డు మీద 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఏడాదిన్నర నిండేవరకు జాగింగ్, ఎత్తు మీంచి దూకించడం వద్దు, తుంటి కీళ్లు పాడవుతాయి. తిన్న వెంటనే పరుగులు పెట్టించొద్దు. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోతే కడుపు మెలితిరిగి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

రేబిస్ టీకా, మున్సిపాలిటీ లైసెన్సు తప్పవు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసిన లేఖలో రాట్‌వీలర్ పేరూ ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. మన కుక్క ఒక్కటి కరిచినా ఆ జాతి మొత్తానికీ చెడ్డపేరే.

ఎనిమిదో నెల నుంచి నేర్పినవన్నీ మర్చిపోయినట్టు మొండికేస్తుంది. అది వయసు. రెండో మెట్టుకి వెనక్కెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. మెత్తగా ఉండే కుక్క ఉన్నట్టుండి తాకనివ్వకుండా కసురుకుంటే మాత్రం ట్రైనర్‌ని కాదు, ముందు పశువైద్యుణ్ని పిలవండి. చాలాసార్లు దానికి ఎక్కడో నొప్పిగా ఉంటుంది.