నియోజకవర్గ ఎన్నికల చరిత్రను మనమే తయారు చేద్దాం – 3వ పాఠం: నంద్యాల ఉప ఎన్నికల లెక్క

మొదటి పాఠంలో సాధారణ ఎన్నికల వరుసలు గీశాం, రెండో పాఠంలో మెజారిటీలు, శాతాలు కట్టాం. ఆ పట్టికను అక్కడితో వదిలేస్తే చాలా నియోజకవర్గాలకు పెద్దగా ఇబ్బంది ఉండదు. నంద్యాలకు మాత్రం కుదరదు. అందుకే ఈ పాఠానికి దాన్నే తీసుకున్నాం.

ముందు వరుసలు లెక్కపెట్టండి. 1952 నుంచి 2024 వరకు లోక్‌సభకు 18 సాధారణ ఎన్నికలు జరిగాయి. 1952లో, అంటే మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, నంద్యాల నుంచి రాయసం శేషగిరిరావు ఇండిపెండెంటుగా గెలిచారు. 1957, 1962 ఎన్నికల్లో నంద్యాల పేరుతో లోక్‌సభ స్థానమే లేదు. ఆ రెండుసార్లూ పెండేకంటి వెంకటసుబ్బయ్య గెలిచింది ఆదోని నుంచి. ఆయన తర్వాత నంద్యాల ఎంపీ అయ్యారు కదా అని ఆ రెండు విజయాలను ఇక్కడ రాసేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ వరుసల్లో ‘స్థానం లేదు’ అని రాయండి. ఖాళీగా వదిలితే ఆర్నెల్ల తర్వాత మీరే దాన్ని దొరకని సమాచారం అనుకుంటారు. ఇక మిగిలినవి 16.

ఇప్పుడు పట్టికలో ‘ఎన్నో లోక్‌సభ’ అనే గడి ఒకటి కలపండి. ప్రతి లోక్‌సభ సభ్యుల జాబితా తీసుకుని, అందులో నంద్యాల పేరు ఎన్నిసార్లు కనిపిస్తుందో చూడండి. ఒకే లోక్‌సభలో ఒకే స్థానానికి ఇద్దరి పేర్లు కనిపించాయంటే మధ్యలో ఉప ఎన్నిక జరిగిందన్నమాట. ఎన్నికల సంఘం గణాంక నివేదికలు సాధారణ ఎన్నికకు ఒకటి చొప్పున ఉంటాయి. ఉప ఎన్నికల ఫలితాలు వాటిలో ఉండవు, విడిగా వెతకాలి. కేవలం ఆ నివేదికలను ముందు పెట్టుకుని కూర్చుంటే, పి.వి.నరసింహారావు 1991లో నంద్యాల ఎంపీ అయిన సంగతే మీ పట్టికలోకి రాదు!

ఈ పద్ధతిలో నంద్యాలకు మూడు లోక్‌సభల్లో రెండేసి పేర్లు దొరుకుతాయి. 6, 10, 11. అంటే 16కు 3 కలిపితే 19 వరుసలు. ఒక్కొక్కదానికీ ‘ఖాళీ ఎందుకు వచ్చింది’ అన్న గడి నింపాలి. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు.

6వ లోక్‌సభ: 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటే నంద్యాల. జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచి, మార్చిలో స్పీకరయ్యారు, జులైలో రాష్ట్రపతి అయ్యారు. ఖాళీ అయిన స్థానానికి ఉప ఎన్నికలో పెండేకంటి మళ్లీ వచ్చారు. ఇక్కడ తప్పు ఎలా జరుగుతుందంటే, 1971లో పెండేకంటి, 1980లో పెండేకంటి అని చూసి మధ్యలో ఉన్న సంజీవరెడ్డి పూర్తి అయిదేళ్లూ ఎంపీగా ఉన్నారనుకుంటారు. ఆయన ఉన్నది నాలుగు నెలలు.

10వ లోక్‌సభ: 1991 సాధారణ ఎన్నికలో గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి గంగుల ప్రతాపరెడ్డి. పీవీ ఆ ఎన్నికలో ఎక్కడా పోటీ చేయలేదు. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. రాజ్యాంగం 75(5) అధికరణ ప్రకారం ఆరు నెలల్లోగా సభ్యుడు కావాలి. ప్రతాపరెడ్డి రాజీనామా చేశారు, నవంబరులో ఉప ఎన్నిక జరిగింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున అభ్యర్థిని పెట్టలేదు. పీవీకి 6,26,241 ఓట్లు, బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌కు 45,944.

ఈ వరుస దగ్గర కాసేపు ఆగుదాం. తీసివేత మీరే చేయండి: 5,80,297. ఎక్కడో చదివిన మెజారిటీని నేరుగా రాసుకోవద్దు. రెండు ఓట్ల అంకెలూ రాసుకుని తీసివేస్తే, ఒక అంకె తప్పుగా ఎక్కినా వెంటనే దొరికిపోతుంది. తర్వాత డిపాజిట్ చూడండి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు. మొత్తం చెల్లిన ఓట్లు మీ దగ్గర లేకపోయినా ఇక్కడ తేల్చవచ్చు. ఇద్దరి ఓట్లూ కలిపితేనే 6,72,185, అందులో ఆరో వంతు 1,12,030 పైనే. మిగతా అభ్యర్థుల ఓట్లు కలిస్తే ఆ గీత ఇంకా పైకి పోతుందే గాని దిగదు. కాబట్టి రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికీ డిపాజిట్ దక్కలేదు.

ఇప్పుడు దీని పక్కనే 2024 వరుస పెట్టి చూడండి. తెలుగుదేశం అభ్యర్థి బైరెడ్డి శబరికి 7,01,131, వైసీపీ అభ్యర్థి పోచా బ్రహ్మానందరెడ్డికి 5,89,156, మెజారిటీ 1,11,975. ఓట్ల అంకెలు మాత్రమే చూస్తే శబరికి పీవీ కంటే ఎక్కువ వచ్చాయి. ఓడినవారికి వచ్చినవి కూడా పీవీ ఓట్లకు ఎంతో దూరంలో లేవు. ముప్పై మూడేళ్లలో ఓటర్లు పెరిగారు మరి. అందుకే మెజారిటీని మొదటి ఇద్దరి ఓట్ల మొత్తంతో భాగించి చూడండి. 1991లో నూటికి 86.3, 2024లో 8.7. ప్రధాన ప్రత్యర్థి బరిలో లేని ఎన్నికకూ, ఢీ అంటే ఢీ అన్న ఎన్నికకూ ఉన్న తేడా ఆ రెండు అంకెల్లో ఉంది. 1991 నవంబరు వరుస పక్కన ‘టీడీపీ పోటీలో లేదు’ అని తప్పనిసరిగా రాయండి. ఆ ముక్క లేకుండా గ్రాఫు గీస్తే నంద్యాలలో తెలుగుదేశం ఒక్కసారిగా మాయమై మళ్లీ పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది.

‘దేశంలోనే రికార్డు మెజారిటీ’ అన్న మాట ఈ ఎన్నికకు అతుక్కుపోయింది. ఆనాటికి నిజం. 2004లో పశ్చిమ బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో సీపీఎం అభ్యర్థి అనిల్ బసు 5,92,502తో దాటేశారు. రికార్డు అని రాస్తే ఏ సంవత్సరం వరకో కూడా రాయండి.

11వ లోక్‌సభ: 1996లో పీవీ నంద్యాలలోనూ, ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 70వ సెక్షన్ ప్రకారం రెండు స్థానాల్లో గెలిచినవారు 14 రోజుల్లో ఒకటి వదులుకోవాలి. వదులుకోకపోతే రెండూ పోతాయి. పీవీ బరంపురం ఉంచుకున్నారు. నంద్యాల ఉప ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి భూమా నాగిరెడ్డి గెలిచారు. 1998, 1999ల్లో కూడా ఆయనే.

పార్టీ గడిలో ఎప్పుడూ బ్యాలెట్ మీద ఉన్న పార్టీనే రాయండి. ఎస్పీవై రెడ్డి 2004, 2009ల్లో కాంగ్రెస్ తరఫున, 2014లో వైసీపీ తరఫున గెలిచారు. 2014లో గెలిచిన కొద్దిరోజులకే తెలుగుదేశం వైపు వెళ్లారు. అది వివరణ గడిలోకి వెళ్లాల్సిన విషయం.

సెగ్మెంట్ల (లోక్‌సభ స్థానం కిందకు వచ్చే అసెంబ్లీ నియోజకవర్గాల) వారీ ఓట్లు నింపేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఫారం-20 (పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లుండే తుది ఫలితాల పత్రం) చూసి ఏడు సెగ్మెంట్లూ కూడితే, అధికారిక మొత్తం కంటే తక్కువ వస్తుంది. కూడిక తప్పు కాదు. పోస్టల్ బ్యాలెట్లు ఏ సెగ్మెంటులోనూ కలవవు, ఫారం రెండో భాగంలో విడిగా ఉంటాయి. వాటికి ఎనిమిదో వరుస వేయండి. తేడా ఆ అంకెతో సరిపోతే మీ లెక్క సరైనట్టే. నోటా ఓట్లను చెల్లిన ఓట్లలో కలపకండి.

2009కి ముందు, తర్వాత సెగ్మెంట్లను మాత్రం ఒకే గడిలో పోల్చవద్దు. పునర్విభజనలో గిద్దలూరు ఒంగోలుకు పోయింది, కర్నూలు నుంచి డోన్ ఇటు వచ్చింది, కోయిలకుంట్ల పోయి బనగానపల్లె వచ్చింది. జిల్లా సరిహద్దునూ నమ్మకండి. నంద్యాల జిల్లా 2022లో ఏర్పడింది గాని, పాణ్యం సెగ్మెంటులోని కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి.

అభ్యాసం: మెదక్ లోక్‌సభ స్థానానికి 1980, 2014ల్లో ఉప ఎన్నిక వరుసలు కావాలా? ముందు మీరు నింపి, తర్వాత కింద చూడండి.

జవాబు: 1980లో ఇందిరాగాంధీ మెదక్, రాయ్‌బరేలీ రెండూ గెలిచి మెదక్ ఉంచుకున్నారు. ఉప ఎన్నిక వరుస రాయ్‌బరేలీ పట్టికలోకి వెళుతుంది, మెదక్‌కు అక్కర్లేదు. 2014లో కేసీఆర్ మెదక్ లోక్‌సభ, గజ్వేల్ అసెంబ్లీ గెలిచి గజ్వేల్ ఉంచుకున్నారు. మెదక్ ఉప ఎన్నికలో కొత్త ప్రభాకర్‌రెడ్డి గెలిచారు. 16వ లోక్‌సభ దగ్గర రెండు వరుసలు వేయాలి.