సూరత్ బండెక్కే ముందు నేర్చుకోవాల్సిన గుజరాతీ పలకరింపులు

వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్‌లో దిగొచ్చు. మగ్గాల పని మీద మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఏండ్లుగా అటు వలస పోతున్నాయి. హిందీతో పని నడుస్తుంది గానీ, పక్కింటివాళ్లతో చనువు కుదరాలంటే గుజరాతీలోనే పలకరించాలి. దాన్ని తెలుగుతో పోల్చుకుంటూ నేర్చుకుంటే తొందరగా పట్టుబడుతుంది.

మొదటి మాట "కేమ్ ఛో?". మన "మంచిగున్నరా?" అన్నట్టే. "మజామాఁ" అని జవాబిచ్చి, వెంటనే "తమే కేమ్ ఛో?" అని తిరిగి అడగాలి. "తమే" అంటే మీరు, "తూఁ" అంటే నువ్వు. మన దిక్కు పెద్దవాళ్లను కూడా ప్రేమతో "నువ్వు" అంటాం. ఆ అలవాటుతో అక్కడ కొత్తవాళ్లను "తూఁ" అంటే అమర్యాద అవుతుంది. ఎవరైనా "జై శ్రీకృష్ణ" అనో "జై జినేంద్ర" అనో పలకరిస్తే అదే మాట తిరిగి అనండి, చాలు.

నాలుక తడబడేది "ఛో" దగ్గర. "చోటు", "చుట్టం" అనేటప్పుడు మన చ పండ్లకు తగిలి "త్స"లా వస్తుంది. అలాగే పలికితే "కేమ్ త్సో" అవుతుంది. "చిలుక" అనేటప్పుడు నాలుక ఎక్కడ ఆనుతుందో అక్కడే ఆనించి, గాలి గట్టిగా వదలాలి. నోటి ముందు అరచేయి పెట్టుకోండి, వెచ్చని గాలి తగిలితే ఛ సరిగ్గా పలికినట్టు. "కేము" అని చివర ఉకారం చేర్చొద్దు. అరసున్న పెట్టిన చోట ముక్కుతో పలకాలి, పెదవులు కలవకూడదు. రెండు మూడు రోజులు ఈ ఒక్క పలకరింపే సాధన చేసినా నష్టం లేదు.

పరిచయానికి "మారుఁ నామ్ రమేశ్ ఛే" అనాలి. అడగడానికి "తమారుఁ నామ్ శుఁ ఛే?". ఊరు చెప్పేటప్పుడు మగవాళ్లు "హుఁ వరంగల్‌నో ఛుఁ", ఆడవాళ్లు "హుఁ వరంగల్‌నీ ఛుఁ" అంటారు. కొడుకును చూపిస్తూ "ఆ మారో దీక్రో ఛే", కూతురినైతే "ఆ మారీ దీక్రీ ఛే". మనవాళ్లు పొరపడేది ఇక్కడే: గుజరాతీ "ఆ" అంటే "ఈ", పక్కనున్న మనిషిని చూపేది. ఎదుటివాళ్ల పేరు తెలిశాక చివర భాయ్ లేదా బేన్ చేర్చండి, మనం అన్న, అక్క చేర్చినట్టే. వట్టి పేరుతో పిలవడం బాగుండదు.

"నాకు గుజరాతీ కొంచెం వచ్చు" అన్న మాటను తెలుగు వరుసలోనే పెట్టొచ్చు: "మనే గుజరాతీ థోడుఁ థోడుఁ ఆవ్‌డే ఛే". మనే అంటే నాకు. అవతలివాళ్లు వేగంగా మాట్లాడితే "జరా ధీమే బోలో నే" అనండి. మన "జర" అక్కడా ఉంది. చివరి "నే" తీసేస్తే బతిమాలినట్టు కాక ఆజ్ఞాపించినట్టు ఉంటుంది.

మనం, మేము అన్న తేడా హిందీలో లేదు, గుజరాతీలో ఉంది. "అమే వరంగల్‌నా ఛీఏ" అంటే మేము వరంగల్ వాళ్లం. అక్కడ "ఆప్‌ణే" (మనం) అని వాడితే వినేవాళ్లను కూడా వరంగల్ వాళ్లను చేసినట్టే. "ఆప్‌ణే కాలే మళీశుఁ" అంటే మనం రేపు కలుద్దాం. ఇందులోని ళ మన "కళ"లో ఉన్నదే.

సెలవు తీసుకునేటప్పుడు "ఆవ్‌జో". అర్థానికి "రండి" అనే, కానీ వెళ్లేవాళ్లూ అంటారు, సాగనంపేవాళ్లూ అంటారు. మనం "పోతా" అనకుండా "పోయొస్త" అన్నట్టు.