విమాన దూరం, ప్రయాణ కాలం – 3వ పాఠం: శంషాబాద్ నుంచి దుబాయ్

కిందటి పాఠంలో అక్షాంశ, రేఖాంశాలు చదవడం నేర్చుకున్నాం. ఈసారి వాటితో దూరం కట్టి, అందులోంచి గంటలు తీద్దాం. కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేని రూటునే తీసుకుందాం.

శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు.
దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు.

ముందు కాలిక్యులేటర్‌లో సైన్ 30 నొక్కండి. 0.5 వస్తే సరే. మైనస్ 0.988 వచ్చిందంటే అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

రేఖాంశాల తేడా 23.07. రెండు అక్షాంశాల సైన్లను గుణించండి: 0.2964 × 0.4266 = 0.1264. రెండింటి కాస్‌లను, తేడా కాస్‌తో కలిపి గుణించండి: 0.9551 × 0.9045 × 0.9200 = 0.7948. కూడితే 0.9212. దాని విలోమ కాస్ (అంటే ఆ కాస్ విలువ ఉన్న కోణం, కాలిక్యులేటర్‌లో cos⁻¹) 22.9 డిగ్రీలు. భూమ్మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్లు కాబట్టి దూరం 2,546 కిలోమీటర్లు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పడితే వచ్చే గీత ఇదే.

సైన్, కాస్ ఎందుకు, పైథాగరస్ చాలదా అంటే, ఈ దూరానికి దాదాపు చాలుతుంది. కాకపోతే రేఖాంశాల తేడాను సగటు అక్షాంశపు కాస్‌తో (0.932) తగ్గించాలి. అప్పుడు 2,551 వస్తుంది, తేడా 5 కిలోమీటర్లే. తగ్గించడం మరిస్తే 2,715 వస్తుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయన్న సంగతి వదిలేసినందుకు పడే జరిమానా అది. అమెరికా లాంటి దూరాలకు మాత్రం ఈ అడ్డదారి పనికిరాదు.

ఇక కాలం. విమానం దారంలా పోదు. నిర్ణీత వాయుమార్గాల వంపులకు 5 శాతం కలపండి: 2,673. గంటకు 830 కిలోమీటర్లతో భాగిస్తే 3.22 గంటలు. దీన్ని 3 గంటల 22 నిమిషాలని చదివేస్తారు చాలామంది. 0.22ను 60తో గుణించాలి, అంటే 13 నిమిషాలు. గేటు నుంచి రన్‌వేకి పాకడం, ఎక్కడం, దిగడం, మళ్లీ గేటు చేరడం – వీటికి 35 నిమిషాలు వేస్తే మొత్తం 3 గంటల 48 నిమిషాలు.

చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పడమటి గాలి ఎత్తులో బలంగా వీస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకుంటే వేగం 750కి పడి, పోవడానికి 4 గంటల 9 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 3 గంటల 31 నిమిషాలే. అందుకే టికెట్‌లో రానూపోనూ ఒకే సమయం ఉండదు.

టికెట్ మీద గడియారాలు మాత్రం అక్కడికక్కడివే. 10:00కు బయల్దేరి 12:20కి దిగుతుందని ఉంటే ప్రయాణం 2:20 కాదు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి 3:50.

అభ్యాసం: శంషాబాద్ నుంచి ఢిల్లీ దూరం కట్టండి. ఢిల్లీ 28 డిగ్రీల 34 నిమిషాల ఉత్తరం, 77 డిగ్రీల 6 నిమిషాల తూర్పు. 1,267 కిలోమీటర్ల దగ్గర రావాలి. 1,242 వచ్చిందంటే 34 నిమిషాలను 60తో భాగించకుండా 28.34 అని కొట్టేశారన్నమాట.